ఆటవెంట వచ్చిన పాట



మా మనుమఁడు చూపిన ‘కటమారి డమాసి’ యను వీడియో ఆటను జపానున నామ్కో సంస్థ 2004లో వెలువరించినది. అందొక చిన్ని రాకుమారుఁడు జిగురుబంతిని దొర్లించుచు గుండుసూదులు మొదలు కొండలవఱకు నంటించుకొనిపోవును. యూ మియాకె మొదలగువారు కూర్చిన పాటలు మఱింత చిత్రములు. జాజు వరుస, యంత్రపుఁ జప్పుడు, పిల్లల బృందగానము, అన్నియు నందే! మాట తెలియకున్నను నవ్వు వచ్చును. ఆ యాట లేనిచో నీ పాట కార్వేటినగరము చేరునా?

మా యూరి సారంగపాణి పదములకును నిట్టి వాహనమే యుండెను. వేణుగోపాల ముద్రగల యా పదములలోఁ గొన్నిట వీధిమాటలు, సామెతలు, నాయికల యెత్తిపొడుపులు యథాతథముగ నున్నవి. మావంటి పండితులకవి గ్రామ్యముగఁ దోఁపవచ్చును. నాకు మాత్ర మా పలుకే ప్రాణము. పదములను బుస్తకములకంటె నాట్యకత్తెల గజ్జెలే యెక్కువగ మోసినవి. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధచట్టము వచ్చినది. ఆ దురాచారము పోవలసినదే. కాని దానితోఁ బదము నేర్పు నోళ్లును దఱిగినవి. సాహిత్యము అచ్చున నున్నది, వరుసల మాటయేమి? రాగతాళముల పేళ్లు చదివినంతనే పాట పుట్టదు గదా! మీ యిండ్ల వృద్ధులెవరికైన నొక్క చరణపు వరుస తెలిసియున్నచో, పిల్లవాని చేతిలోని సెల్‌ఫోనుననే దానిని బట్టి యుంచుఁడు.