కంటికి కానరాని ఈతగాడు



కిందటి సార్వాలో ఒక పెద్దాయన నన్ను తన మడికి తీసుకుపోయి, "బాబూ, ఆకులు కొసనుంచి ఎండుకొస్తున్నవి. బలం చాలలేదనుకొని మొన్న మళ్లీ యూరియా చల్లాను. రోగం ఇంకా ముదిరింది. ఇదేమి చోద్యం?" అని అడిగారు. ఆకు పట్టి చూస్తే అంచుల వెంట అలలు అలలుగా పసుపు చార కిందికి దిగి ఉన్నది. అది బలం చాలక వచ్చినది కాదు. బాక్టీరియా ఆకు ఎండు తెగులు. బాక్టీరియా ఎట్లా ఉంటుందో, ఎట్లా కదులుతుందో తెలిస్తే ఆ చోద్యం విడిపోతుంది.

1676లో హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్, మిరియానికి ఘాటు ఎందుకున్నదో చూద్దామని మిరియాలు నానిన నీటిని తన భూతద్దం కింద పెట్టాడు. ఘాటు సంగతి తేలలేదు గాని, నీటిలో ఈదులాడే సూక్ష్మజీవులు కనిపించినవి. అందులో బాక్టీరియా కూడా ఉన్నవి.

వరికి ఈ తెగులు తెచ్చే దాని పేరు జాంథోమోనాస్ ఒరైజే. చిన్న పుల్లముక్క ఆకారం. పొడవు మిల్లీమీటరులో వెయ్యవ వంతు, మహా అయితే రెండు వంతులు. దాని ఒళ్లంతా ఒకే కణం. అన్నిటికీ పైన జిగురు పూత. దాని కింద పలుచని పొర, ఆపైన గట్టి గోడ. గోడకు లోపల మరొక పొర. ఈ లోపలి పొరే వాకిలి వంటిది: కావలసినది రానిస్తుంది, అక్కరలేనిది పోనిస్తుంది. లోపల చిక్కని జీవపదార్థం, మాంసకృత్తులు తయారుచేసే సన్నని రేణువులు ఉంటవి. మొక్క కణంలో ఉన్నట్టు కేంద్రకం ఉండదు. వంశలక్షణాలు మోసే పోగు చుట్టలు చుట్టుకొని ఊరికే పడి ఉంటుంది.

ఇక కదలిక. దీనికి ఒక చివర ఒకే తోక. చేప తోకలాగా అటూ ఇటూ ఆడదు. మరపడవ వెనక రెక్కవలె గిర్రున తిరుగుతుంది. దాన్ని తిప్పే యంత్రం తోక మొదట, పొరలోనే అమరి ఉన్నది. అయితే ఈదడానికి తడి కావాలి. తెల్లవారుజామున వరి ఆకు అంచున నీటిబొట్లు నిలుస్తవి గదా! ఆ బొట్టు వచ్చిన సన్నని రంధ్రం గుండానే ఇది లోపలికి పోతుంది. చిరిగిన ఆకు, తుంచిన నారు కొస కూడా దానికి దారులే. లోపల నీరు పారే నాళాలలో పెరిగి, జిగురుతో వాటిని పూడ్చివేస్తుంది. అందుకే ఆకు ఎండుతుంది. స్వయంగా ఈదేది కొద్ది దూరమే. మడి నుంచి మడికి మోసుకుపోయేవి గాలివాన, పారే నీరు.

మరి యూరియా? నత్రజని ఎక్కువైతే ఆకు లేతగా, పైరు గుబురుగా పెరిగి తడి ఆరదు. శత్రువుకు మనమే విందు పెట్టినట్లు.

అనుమానముంటే గాజు గ్లాసులో తేట నీరు పోసి, తెగులు సోకిన ఆకును కోసి, కోసిన కొస నీటిలో మునిగేట్టు ఉంచండి. కొంతసేపటికి పొగవలె తెల్లని జీర దిగివస్తే అది బాక్టీరియాయే.

తెగులు కనబడగానే నత్రజని ఆపవలెను. మడిలో నీరు తీసివేయవలెను. ఆ నీరు పక్కవారి మడిలోకి పోనివ్వరాదు. ఏటా ఈ తెగులు వచ్చే చోట నారు కొసలు తుంచి నాటవద్దు. శత్రువు ఆకు నాళాల లోపల ఉంటుంది కనుక, మందు చల్లి అణచవచ్చునని ఆశపడవద్దు. తట్టుకునే విత్తనమే అసలు మందు. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలసి రూపొందించిన 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' 2008లో విడుదలైనది. ఈ తెగులును బాగా తట్టుకుంటుంది.

పెద్దాయన ఆ మడిలో గింజలు తక్కువే చూశారు. కాని నీరు మళ్లించి కట్ట వేసినందువల్ల పక్క మడి నిలబడింది. "కనబడని దాన్ని ముందు కనిపెట్టాలి బాబూ" అన్నారాయన. రేపు ఉదయం మంచు ఆరకముందే మీరూ ఒకసారి మడిలో దిగి ఆకు అంచులు చూడండి. సెలవు.