తీరిక వేళల్లో ఈ-పుస్తకం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ-పుస్తకాల మీద వచ్చే సంపాదన గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోయే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. కనుక లేనిపోని ఆశలు పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు మనవి చేస్తాను.

ఈ-పుస్తకం అంటే ఫోనులోనో కంప్యూటరులోనో చదువుకునే పుస్తకం. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 1971లోనే అమెరికాలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోకి ఎక్కించి, అందరూ చదువుకునేందుకు ఉంచాడు. 2007లో అమెజాన్ కంపెనీ, రచయిత తన పుస్తకాన్ని తానే అమ్మకానికి పెట్టుకునే ఏర్పాటు చేసింది. అచ్చు ఖర్చు లేదు. అమ్ముడుపోని ప్రతుల్ని మంచం కింద దాచుకునే బాధా లేదు.

మరి డబ్బు సంగతేమిటి? అక్కడ రచయిత వాటా 35 శాతం, లేదా 70 శాతం. మన దేశపు అమ్మకాల మీద 70 శాతం కావాలంటే, ఆ ఈ-పుస్తకాన్ని 90 రోజులపాటు మరెక్కడా అమ్మనని ఒప్పుకోవాలి. పన్ను పోను ధర 100 రూపాయలనుకోండి. నెలకు పది మంది కొంటే, 35 శాతం లెక్కన చేతికి వచ్చేది 350 రూపాయలు. పిల్లల నోటుపుస్తకాలకు పనికొస్తుంది గాని ఇంటి అద్దెకు చాలదు. అందుచేత ఉన్న పని మానుకోవద్దు, అప్పు అసలే చేయవద్దు. అక్కడ పుస్తకం పెట్టడానికి రుసుము లేదు. "ఇన్ని వేలు కట్టండి, మీ పుస్తకం లక్షలు తెస్తుంది" అని ఎవరైనా వస్తే దూరం నుంచే దండం పెట్టండి.

ఏం రాయాలి? మీ చేతికి వచ్చిన పనే రాయండి. బట్టలు కుట్టే అక్క కొలతల సంగతి రాయవచ్చు, మోటారు బాగుచేసే తమ్ముడు తన పని రాయవచ్చు. పాఠ్యపుస్తకం చూసి దించితే మాత్రం అది దొంగతనమే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆ తరువాత 60 ఏళ్లు రచన మీద హక్కు ఉంటుంది.

భాష సంగతి ముందే విచారించుకోండి. 2016లో అమెజాన్ అయిదు భారతీయ భాషలను చేర్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అందులో మన తెలుగూ లేదు, ఉర్దూ లేదు! తెలుగుకు 2010లో మొదలైన కినిగె దారి చూపింది. ఏ దుకాణం మీ భాషను తీసుకుంటుందో కనుక్కున్నాకే పని మొదలెట్టండి. డీటీపీ షాపులో అనూ అక్షరాల్లోనో, ఉర్దూ పాత ఇన్‌పేజ్‌లోనో కొట్టించింది ఉంటే యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. లేకుంటే ఫోనులో అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనబడతాయి.

చివరగా ఒక్క మాట. ఇంట్లో ఆడపిల్ల రాస్తే పుస్తకం మీద ఆమె పేరే వేయండి, డబ్బు ఆమె ఖాతాలోనే పడనివ్వండి. ఆ 350 రూపాయలు ఆమెకు ఎంత ధైర్యమో మీరే చూస్తారు. రాసినదాన్ని తప్పులు దిద్ది ఇవ్వడానికి సాయంత్రం పూట నేను సిద్ధం.

సెలవు.