బావంచాలు, బకుచియాల్ ఒకటే అనుకున్నా.. అమ్మ ముఖం కాలింది!

"అన్నా, మంగు మచ్చలకి, ముడతలకి హెర్బల్ సీరమ్‌లు పనిచేస్తాయా?" అని చాలామంది అడుగుతున్నారు. ఈ రోజు దాని గురించే. ముందు నేను చేసిన తప్పు చెప్తా, వినండి.

మా అమ్మకి రెండు బుగ్గల మీద మంగు మచ్చలు. అప్పట్లో నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నా. రాత్రుళ్ళు ఫోన్‌లో చదువుతుంటే బకుచియాల్ అనే పేరు కనిపించింది. రెటినాల్‌కి బదులుగా వాడే మొక్క పదార్థం అట. ఎందులోంచి తీస్తారని చూస్తే, మన బావంచాలు! సీరమ్ బాటిల్ రేటు చూసి నేను అనుకున్నదేంటంటే, గింజలే కొంటే పోలా?

నాంపల్లిలో ఒక మూలికల దుకాణానికి వెళ్ళా. బాబ్‌చీ అని అడిగితే ఆ పెద్దాయన తూకం వేస్తూ, "సఫేద్ దాగ్ కే వాస్తే?" అన్నాడు. అంటే బొల్లి మచ్చలకా అని. నేను నవ్వి ఊరుకున్నా. ఆ ప్రశ్న దగ్గరే ఆగాల్సింది, ఆగలేదు.

మే నెల. పొద్దున్నే అమ్మ ఆ పొడి పెరుగులో కలిపి పూసుకుని, అరగంటకి కడిగేసింది. తర్వాత ఇద్దరం పెళ్ళి బట్టలకి అబిడ్స్ వెళ్ళాం. జీపీఓ దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగాం. సాయంత్రానికి మంట. రెండు రోజులకి ముఖమంతా ఎర్రబడి బొబ్బలు. అవి మానాక మచ్చలు ముందుకంటే నల్లగా అయ్యాయి. అమ్మ ఒక్క మాట అనలేదు. "నువ్వు మంచికే తెచ్చినవ్ కదా బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది.

స్కిన్ డాక్టర్ చెప్పాక విషయం అర్థమైంది. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం కూడా ఉంటుంది. అది చర్మం మీద ఉన్నప్పుడు ఎండ తగిలితే కాలుతుంది, తర్వాత రంగు పెరుగుతుంది. అందుకే బొల్లికి సోరాలెన్, అతినీలలోహిత కిరణాలు కలిపి డాక్టర్లు కొలత ప్రకారం ఇస్తారు. యునానీలో కూడా బావంచాలు బొల్లికి పాత మందే. మన ఎర్రగడ్డలో ఉన్న జాతీయ యునానీ చర్మవ్యాధుల సంస్థ బొల్లి చికిత్సకే పేరు పొందింది. అంటే రంగు తెప్పించే గింజని, రంగు తగ్గించడానికి అమ్మ ముఖానికి పూయించా!

మరి బకుచియాల్ అబద్ధమా? కాదు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో ఒక అధ్యయనం వచ్చింది. 44 మంది, 12 వారాలు. కొందరికి 0.5 శాతం బకుచియాల్, రోజుకి రెండుసార్లు. మిగతావాళ్ళకి 0.5 శాతం రెటినాల్, ఒకసారి. ముడతలు, మచ్చలు రెండింటితోనూ తగ్గాయి, పెద్ద తేడా లేదు. పొట్టు రాలడం, చురుక్కుమనడం రెటినాల్‌తో ఎక్కువ. చిన్న అధ్యయనమే, కానీ ఆశ కలిగించేది. అయితే అక్కడ వాడింది కొలత తెలిసిన క్రీమ్, గింజల పొడి కాదు. మంచి తయారీలో సోరాలెన్‌ని వేరుచేసి తీసేస్తారు. నా పొడిలో రెండూ ఉన్నాయి.

అతిమధురం కూడా అంతే. దాని వేరులో ఉండే గ్లాబ్రిడిన్, రంగుని తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ని నెమ్మదింపజేస్తుంది. కానీ వేరు అరగదీసి పూస్తే అది ఎంత అందుతుందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి మూడు మాటలు. ఒకటి, లేబుల్ మీద పదార్థాల పేర్లు, బ్యాచ్ నంబర్, లైసెన్స్ నంబర్ లేని డబ్బా కొనొద్దు. రెండు, ఏదైనా ముందు మోచేతి లోపలివైపు కొన్ని రోజులు రాసి చూడండి. మూడు, మంగుకి అసలు మందు సన్‌స్క్రీన్ నుంచే మొదలవుతుంది. ఎస్‌పీఎఫ్ 30 పైన, బయట ఉంటే రెండు గంటలకోసారి. అది లేకుండా ఏ సీరమ్ రాసినా డబ్బు దండగ. గర్భిణులైతే డాక్టర్‌ని అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

అమ్మ మచ్చలు మళ్ళీ పాత స్థాయికి రావడానికి నెలలు పట్టింది. ఇప్పుడు అబిడ్స్ వెళ్తే గొడుగు ఆమె చేతిలో, సన్‌స్క్రీన్ నా బ్యాగులో. ఈ వీడియో ఇంకెవరికీ పంపకపోయినా పర్లేదు, మీ ఇంట్లో అమ్మకి మాత్రం చూపించండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.