వేడిమితో తిరుగు పంకా

నేను ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. అయినను ఒక చిన్న యంత్రము ఒకనాటి రాత్రి నాకు పాఠము చెప్పినది. దానిని మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

రెండేండ్ల క్రిందట నా కుమార్తె పురుటికై నేనును నా భార్యయు కెనడా దేశమునకు పోయి, ఆంటేరియో రాష్ట్రమున ఒక పల్లెలో చలికాలమంతయు ఉంటిమి. అచ్చట నీరు గడ్డకట్టు స్థితికి ఇరువది డిగ్రీలు దిగువనుండు రాత్రులు అరుదు కావు. ఇంటి నడుమ ఇనుప పొయ్యి ఉండెను. అది వంటకు గాదు, ఇల్లు కాచుటకు. కట్టెలు లోపల వేసి తలుపు మూయుదురు. పొగ గొట్టము వెంట కప్పు మీదుగా వెడలిపోవును. ఆ పొయ్యి నెత్తిమీద జానెడెత్తు పంకా యొకటి కూర్చుండియుండెను. దానికి తీగ లేదు, బాటరీ లేదు, చేత త్రిప్పువాడును లేడు. పొయ్యి వేడెక్కిన కొంతసేపటికి తనంత తాను తిరుగ నారంభించును.

ఇది యెట్లు? 1821లో సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు లోహములను రెండు కొనలయందును అతికి, ఒక అతుకును వేడిచేసి రెండవదానిని చల్లగా ఉంచగా, దగ్గరనున్న దిక్సూచి ముల్లు కదలుట కనుగొనెను. అది విద్యుత్ప్రవాహమువలన కలిగినదని పిమ్మట తేలినది. ఈ పంకాలో అగ్గిపెట్టె యంతటి పలుచని బిళ్ళ కలదు. బిస్మతు, టెల్లూరియము కలిసిన పదార్థపు చిన్న ముక్కలు అందు రెండు పింగాణి పలకల నడుమ గొలుసువలె కూర్పబడియుండును. బిళ్ళకు క్రింద పొయ్యినంటిన అల్యూమినియపు పాదము. పైన గాలికి చల్లారు రేకులు. ఒక ముఖము కాగి, రెండవ ముఖము చల్లగా ఉన్నంతసేపు విద్యుత్తు పుట్టి చిన్న మోటారును త్రిప్పును. రెక్కలు వెనుకటి చల్లగాలిని రేకులమీదుగా లాగి ముందునకు నెట్టును. అనగా తన చల్లదనమును తానే కాపాడుకొనును. పంకా వేడిని పుట్టింపదు. కప్పునకెగబ్రాకు వేడిగాలిని మనుష్యులున్న వైపునకు మరల్చును, అంతియే.

ఒక రాత్రి మంచువాన కురిసి, తీగలు తెగి, ఊరంతయు చీకటియయ్యెను. విద్యుత్తుతో నడచు వేడిగాలి యంత్రము ఆగెను. ఇక ఆ పొయ్యియే శరణ్యము. పసికందుకు ఇరువది దినములు. తల్లీబిడ్డల మంచము అవతలి మూలనుండెను. వేడి అచ్చటికి చేరుటలేదు. చూడగా పంకా ఈడ్చుకొనుచు తిరుగుచున్నది. "వేడి చాలలేదు నాయనా, కట్టెలు వేయుము" అని అల్లునితో అంటిని. అతడు వేసెను. పంకా మరింత మందగించెను. మరల వేయుమంటిని. ఉష్ణమాపకము 300 డిగ్రీలు చూపుచుండగా పంకా ఆగునంత పనియయ్యెను. "మామగారూ, ఇంతకు మించి మండించిన గొట్టములోని మసి అంటుకొనును" అని అతడు చేయి వెనుకకు తీసెను.

అప్పుడు నా తప్పు నాకు తోచెను. ఎవరో దుమ్ము తుడిచి పంకాను పొగగొట్టమునకు ముందు దగ్గరగా పెట్టిరి. అది గొట్టపు సెగనే లాగుచున్నది. క్రిందను వేడి, పైనను వేడి, ఇక భేదమెక్కడిది? కట్టెలు వేసినకొలది రెండు ముఖములును కాగినవి. దళసరి తొడుగు తొడిగి దానిని పొయ్యి వెనుకటి మూలకు, గొట్టమునకు ఎడముగా జరిపితిని. కొన్ని నిమిషములలో రెక్కలు వేగమందుకొన్నవి. తెల్లవారునప్పటికి తల్లీబిడ్డలు సుఖముగా నిద్రించుచుండిరి.

తక్కిన లోపములును చెప్పెదను. పొయ్యి చల్లారిన పిమ్మట రెక్కను వ్రేలితో త్రిప్పి చూడవలెను. బిగుసుకొనియున్న దుమ్మో వెండ్రుకయో ఇరుసునకు చుట్టుకొనియుండును. తేలికగా తిరిగినను వేడికి కదలకున్న, మోటారు తీగలను విడదీసి 1.5 వోల్టుల బాటరీకి తాకింపవలెను. తిరుగనిచో మోటారు చెడినది, మార్చవలెను. తిరిగినచో దోషము బిళ్ళవద్దనున్నది. బిళ్ళకు ఇరువైపుల పూసిన లేపనము ఏండ్లకొలది వేడికి ఎండిపోవును. మరలు విప్పి, తుడిచి, అందులకై అమ్ము లేపనమును పలుచగా పూసి, మరలను కొంచెము కొంచెముగా సమముగా బిగింపవలెను. అతిగా బిగించిన పింగాణి పగులును. హద్దుమీరిన వేడికి బిళ్ళలోని అతుకులు కరగును. ఆ హద్దు పంకాతో వచ్చు పత్రములో ఉండును.

ఒక హెచ్చరిక. పంకా తిరుగుచున్నది గనుక గది క్షేమమనుకొనరాదు. అది విషవాయువును వెలుపలికి పంపదు. కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు. మన యూళ్లలో చలికి కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి పడుకొనువారికిని ఈ మాట వర్తించును. పొగ లేకున్నను బొగ్గు ప్రాణము తీయును.

వేడితో యంత్రము త్రిప్పుట క్రొత్త కాదు. 1816లో స్టిర్లింగు అను స్కాట్లండు మతగురువు వేడిగాలి యంత్రమును కల్పించెను. ఆ తీరున కిరసనాయిలు దీపముతో తిరుగు పంకాలు పూర్వము మన దేశమునను ఉండెను. 1950 ప్రాంతమున రష్యా పల్లెలలో దీపపు వేడినుండి విద్యుత్తు తీసి రేడియో పలికించిరి. 1977లో అంతరిక్షమునకు పంపిన వాయేజరు నౌకలకును ఈ సూత్రమే ఆధారము.

అయ్యలారా, పని చేయునది వేడి కాదు, వేడిలోని భేదము. బడిలో వెనుకబడిన పిల్లవానిపై మరింత పాఠము మోపిన దినములు నాకు కలవు. వాని నొక్కమారైనను చోటు మార్చి కూర్చుండబెట్టి చూచితినా అని ఆ రాత్రి పొయ్యి ముందు కూర్చుండి తలచుకొంటిని.