‘వాపసు లేదు’ అంటే చెల్లుతుందా?

ఈరోజు విషయం చూడ్డానికి చిన్నదే గానీ మన సోమల, సదుం, చౌడేపల్లె వైపు చాలా ఇళ్ళ బతుకుదెరువు దాంతో ముడిపడి ఉంది. టమోటా తెల్లారేలోపు మదనపల్లె మార్కెట్‌కు చేరాలన్నా, పిల్లలు పుంగనూరు కాలేజీకి పోవాలన్నా బండి కదలాలి. ఆ బండ్లలో చాలావరకు రెండో చేతికో మూడో చేతికో వచ్చినవే. వాటిలో డైనమో పోయినా, సెల్ఫ్ మోటారు పోయినా కొత్తది కొనేవాళ్ళు తక్కువ. దగ్గర్లోని పాత సామాన్ల అంగట్లో వెతుకుతారు. అక్కడ దొరక్కపోతే బెంగళూరు శివాజీనగర్‌కో, చెన్నై పుదుపేటకో మనిషిని పంపుతారు. తెచ్చి బిగించాక అది పనిచేయకపోతే వినిపించే జవాబు ఒకటే: "పాత సామానన్నా, వాపసు లేదు." ఆ మాట చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుంది? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత సామాను కొనేటప్పుడు దాని నాణ్యత మీద మన ఆశ తగ్గించుకోవాల్సిందే. అమ్మినవాడు చెప్పిన మాట మీద మాత్రం తగ్గించుకోనక్కర్లేదు. మన వాపసు హక్కంతా ఆ మాట మీదే నిలబడుతుంది. కాబట్టి ఆ మాట కాగితం మీదికి ఎక్కాలి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 2(47) అన్యాయపు వ్యాపార పద్ధతులేమిటో వివరిస్తుంది. మనకు పనికొచ్చేవి అందులో మూడున్నాయి. పాతదాన్ని, బాగుచేసినదాన్ని కొత్తదని నమ్మించి అమ్మడం మొదటిది. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం రెండోది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం. సరుకు తీసుకుని డబ్బు తిరిగిచ్చే పని బిల్లులో రాసిన గడువులోగా చేయాలి. బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా చేయాలి. పాత సామానుకు ఇది వర్తించదని చట్టం ఎక్కడా మినహాయించలేదు. కాబట్టి "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున అచ్చేసినంత మాత్రాన, లోపమున్న సరుకు విషయంలో వ్యాపారి బాధ్యత తప్పిపోదు.

అయితే అసలు చిక్కు ‘లోపం’ అన్నచోటే ఉంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి నుంచి విప్పిన గేర్‌బాక్సులో అరుగుదల లేకుండా ఎలా ఉంటుంది? దాన్ని లోపమంటే పాత సామానంతా లోపమే అవుతుంది. చట్టంలోని నిర్వచనం ఈ చిక్కును చక్కగానే విప్పింది. నాణ్యతలో కొరత ఉందా లేదా అన్నది మూడు కొలతలతో చూడమంది: చట్టం కోరే ప్రమాణం, ఒప్పందంలో పైకి చెప్పిన లేదా అంతర్లీనంగా ఉన్న ప్రమాణం, వ్యాపారి ఏ రూపంలోనైనా తన సరుకు గురించి చెప్పుకున్న ప్రమాణం. పాత సామానుకు మొదటి కొలత అంతగా అందదు. చివరిదే గట్టిది. "రన్నింగ్ కండిషన్" అని అమ్మిన ఇంజన్ స్టార్ట్ కాకపోతే అది లోపం. "మీ 2012 మోడల్‌కు సరిగ్గా సరిపోతుంది" అని ఇచ్చిన రేడియేటర్ బిగించే చోట్లే కలవకపోతే అది లోపం. పైపెయింటు లేచిపోయిందనో, మూడేళ్ళు నడుస్తుందనుకున్నది రెండేళ్ళే నడిచిందనో వాపసుకు పోతే అది లోపం కాదు, వయసు.

దీనికి తోడు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా ఉంది. ఫలానా అవసరానికని అంగడివాడికి తెలిపి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే ఆ సరుకు ఆ అవసరానికి పనికిరావాలని సెక్షన్ 16 చెబుతుంది. అదే సెక్షన్ కొనేవాడి మీద కూడా ఒక భారం మోపింది. సరుకును పరిశీలించి కొన్నప్పుడు, ఆ పరిశీలనలో కంటబడాల్సిన లోపాల గురించి తర్వాత పేచీ పెట్టకూడదు. ఎద్దుల సంతలో పళ్ళు చూసి వయసు తేల్చుకోవడం కొనేవాడి పని. తన్నే ఎద్దును సాధువని చెప్పి అంటగడితే ఆ తప్పు అమ్మినవాడిది. సామాన్ల అంగట్లో కూడా అంతే. పగిలిన చెవి, విరిగిన బోల్టు, తుప్పు పట్టిన ఫిన్నులు కంటికి కనిపిస్తాయి. వాటిని చూసుకోకపోతే నష్టం మనదే. లోపల కాలిపోయిన వైండింగు, హెడ్డులోని సన్నని పగులు కౌంటరు దగ్గర కనబడవు. వాటి విషయంలో అమ్మినవాడి మాటే మనకు ఆధారం.

ఇక్కడ వ్యాపారుల వైపు నుంచి బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. కొత్తదాని ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో ఇస్తున్నాం, ఆ తగ్గింపులోనే రిస్కు కూడా కలిసి ఉంది, ధర తక్కువ కావాలి, గ్యారంటీ కూడా కావాలంటే ఎలా అంటారు. ఈ వాదనలో సగం న్యాయం ఉంది. తగ్గింపు అరుగుదలకు, తక్కువ ఆయుష్షుకు పరిహారమే. దాన్ని అబద్ధానికి కూడా పరిహారమనడానికి వీల్లేదు. పనిచేయదని తెలిసి, ఆ సంగతి కావాలని దాచి అమ్మితే అది చౌక బేరం అనిపించుకోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని మోసమనే అంటుంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం పాత సరుకుకూ వర్తిస్తుంది. లోపముంటే 30 రోజుల్లో తిప్పి ఇవ్వొచ్చు, నాణ్యత తేల్చేటప్పుడు ధరను, వయసును లెక్కలోకి తీసుకుంటారు. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన నిబంధన ప్రకారం సభ్య దేశాలు పాత సరుకు మీద అమ్మకందారు బాధ్యతా కాలాన్ని తగ్గించుకోవచ్చు గానీ ఏడాదికి లోపు చేయకూడదు. పాత సరుకుకు ప్రమాణం తగ్గించడం వేరు, బాధ్యతే లేదనడం వేరు అన్న తేడాను అక్కడి చట్టాలు కూడా పాటిస్తున్నాయి.

ఈ హక్కుకు హద్దులూ ఉన్నాయి, వాటిని దాచడం నాకు ఇష్టం లేదు. మనసు మారిందని, ఇంకోచోట ఐదొందలు తక్కువకు దొరికిందని తిప్పి ఇచ్చే హక్కు అంగట్లో కొన్నదానికి లేదు. ఆన్‌లైన్‌లో కొంటే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్నదాన్ని, ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్ని, ఆలస్యంగా వచ్చినదాన్ని అమ్మకందారు వెనక్కి తీసుకోవాల్సిందే. "పనిచేయదు, విడి భాగాల కోసం మాత్రమే" అని స్పష్టంగా రాసి అమ్మితే, పనిచేయలేదని అడగలేం. ఇంటి పక్కనాయన తన పాత డిస్కు చక్రాలు ఒకసారి అమ్మితే ఆయన వ్యాపారి కాదు, వినియోగదారుల కమిషన్‌కు పోలేం. మామూలు సివిల్ దారే మిగులుతుంది. కొన్న సామానును కోసి, వెల్డింగ్ పెట్టి, విప్పి చూసి తెచ్చినా వాదన బలహీనపడుతుంది. బిగించి చూస్తేగాని తెలియని సామానును బిగించడం మాత్రం పరీక్షలో భాగమే అని వాదించవచ్చు. లోపం కనబడ్డాక వాడుకుంటూ నెలలు గడిపితే అంగీకరించినట్టే లెక్క. తెలిసిన వెంటనే "ఇది నాకు వద్దు" అని మెసేజ్ పెట్టాలి. సామాను మోసుకుపోయి అప్పగించాల్సిన పని లేదు, నిరాకరించినట్టు తెలియజేస్తే చాలని విక్రయ చట్టం సెక్షన్ 43 చెబుతుంది.

ఇప్పుడు రుజువు సంగతి. హక్కు చట్టంలో ఉన్నా నిరూపించాల్సిన భారం ఫిర్యాదుదారుడిదే. సేవాలోపం విషయంలో సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. అవసరమైతే సరుకును ల్యాబుకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. 45 రోజుల్లో రిపోర్టు రావాలి. కానీ పరీక్ష రుసుము కట్టాల్సింది మనమే. నాలుగు వేల డైనమో కోసం అంత దూరం పోవడం దండగ. అందుకే రుజువు అంగట్లోనే పుట్టాలి. డైనమోనే తీసుకుందాం. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ దగ్గర మీటరు 12.6 వోల్టుల ప్రాంతంలో చూపుతుంది. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే డైనమో మీద అనుమానం వస్తుంది. వ్యాపారి వెంటనే "మీ బెల్టు జారుతోంది, వైరింగు బాగాలేదు" అంటాడు. అది నిజమే కావచ్చు కూడా. అంగట్లోనే బెంచి మీద తిప్పి చూపించి, ఆ వోల్టేజీని బిల్లులో రాస్తే ఆ పేచీ పుట్టదు. రేడియేటర్‌కైతే దారులు మూసి, గాలి పట్టించి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తాయేమో చూస్తే చాలు.

వ్యాపారుల రెండో భయం కూడా న్యాయమైనదే. కొన్నవాళ్ళు మంచిది పట్టుకుపోయి తమ పాడైనదాన్ని తెచ్చి ఇస్తారని భయపడతారు. అలా జరగడం లేదని ఎవరూ అనలేరు. దానికి మందు "వాపసు లేదు" అన్న బోర్డు కాదు, గుర్తు. సామాను మీది నంబరు బిల్లులో రాయడం, నంబరు లేకపోతే బోల్టు మీద పెయింటు చుక్క పెట్టి ఇద్దరి ఫోన్లలో ఫొటో తీసుకోవడం. ఇది కొన్నవాడికెంత రక్షణో అమ్మినవాడికీ అంతే రక్షణ. "ఓల్డ్ డైనమో ఒకటి, 3,500" అని సిగరెట్ అట్ట మీద రాసిచ్చిన చీటీతో మాత్రం ఇద్దరిలో ఎవరూ గెలవలేరు.

మన పల్లెల్లో మధ్యలో మెకానిక్ ఉంటాడు. "నువ్వే తెచ్చి బిగించు" అంటాం, మొత్తానికి ఒక రేటు ఇస్తాం. అది పాడైతే మెకానిక్ అంగడిని చూపిస్తాడు, అంగడివాడు మెకానిక్‌ను చూపిస్తాడు. సామానుకు, కూలికి కలిపి తనే డబ్బు తీసుకుని ఉంటే మన లెక్కలో అమ్మినవాడు మెకానిక్కే. మన తరఫున తెచ్చాడంటే బిల్లు మన పేరున ఉండాలి. మెకానిక్‌లకు నా సలహా ఒకటే. సామాను బిల్లు, కూలి చీటీ వేరువేరుగా ఇవ్వండి. పక్కవాడి తప్పు మీ నెత్తిన పడకుండా ఉంటుంది.

"నాది బాడుగ బండి కదా, వ్యాపారానికి వాడేవాడు వినియోగదారుడు కాడట" అని కొందరు ముందే వెనక్కి తగ్గుతారు. అది పూర్తి నిజం కాదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి వాడేది వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టమే వివరణ ఇచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని ఉదాహరణగా చెప్పింది. తానే నడుపుకునే లారీ యజమానికీ అదే సూత్రం. జీతగాళ్ళను పెట్టి పది వ్యాన్లు తిప్పే ట్రాన్స్‌పోర్టు యజమాని మాత్రం ఈ వివరణ కిందికి రావడం కష్టం.

అంగడి బెంగళూరులో ఉంటే ఏం చేస్తామన్న బెంగ కూడా అక్కర్లేదు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఇదే. ఫిర్యాదుదారుడు నివసించే చోటే కేసు వేయొచ్చు. సోమలవాసి తన జిల్లా కమిషన్‌లో పుదుపేట అంగడి మీద కూడా వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు. దానికి ముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే వాళ్ళు వ్యాపారితో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమున్నది ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటున్నా ఆచరణలో ఆలస్యం తప్పడం లేదు. నాలుగు వేల కోసం అన్ని నెలలు తిరగాలా అని అడిగితే, చాలామందికి అక్కర్లేదనే అంటాను. కేసు వేయగలిగేంత గట్టి బిల్లు చేతిలో ఉంటే, కేసు దాకా పోకుండానే పని జరిగే అవకాశం ఎక్కువ.

రెండు రకాల సామాన్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఇంజన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. ఇంజన్ మారిస్తే రవాణా శాఖ రికార్డులో మార్చుకోవాలి. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేని ఇంజన్ దొంగబండిదైతే డబ్బూ పోతుంది, పోలీసులూ వస్తారు. అమ్మే హక్కు లేనివాడు అమ్మితే, డబ్బు తిరిగి అడిగే హక్కు మనకుంది. అయితే అమ్మినవాడెవరో బిల్లు చెప్పాలి కదా. ఇక బ్రేకులు, స్టీరింగు. బాగుచేసి సొంత వారంటీ ఇచ్చి అమ్మిన సామాను వల్ల మనిషికి హాని జరిగితే, తయారీదారు వేరే ఉన్నా అమ్మినవాడి మీద కూడా 2019 చట్టం ఉత్పత్తి బాధ్యత పెట్టింది. చట్టం సంగతి అలా ఉంచి, వాటిని పాతవి కొనకండి. కాలు పోయాక వచ్చే పరిహారం పరిహారం కాదు.

ఇదంతా అమలైతే చిన్న అంగళ్ళు మూతపడతాయన్నది చివరి ఆక్షేపణ. నేను అడిగేదానికి ఖర్చు ఒక బిల్లు పుస్తకం. సామాను పేరు, నంబరు లేదా గుర్తు, ఏ బండి నుంచి వచ్చింది, పరీక్షలో ఏం తేలింది, ఎన్ని రోజుల్లో వాపసు. ముప్పై రోజులు ఇవ్వలేనంటే ఏడు రోజులని రాయండి, చట్టం గడువు ఎంచుకునే వీలు మీకే ఇచ్చింది. మంచి సామాను అమ్మేవాడికి దీనివల్ల పోయేదేమీ లేదు. ఇప్పుడు నిజం చెప్పేవాడూ అబద్ధం చెప్పేవాడూ ఒకే రేటుకు అమ్ముకుంటున్నారు, కొనేవాడికి తేడా తెలియడం లేదు. రాసిచ్చే అంగడి ఒకటి పుంగనూరులో మొదలైతే, రాసివ్వని అంగడిని జనం ఎందుకని అడగడం మొదలుపెడతారు. అలా అడగడం కొనేవాళ్ళైన మీ నుంచి మొదలుకావాలని కోరుతున్నాను.