వికలాంగులకు ఉద్యోగము: యజమానులముగా మన బాధ్యత
(సంఘ సభ్యుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



వికలాంగులకు ఉద్యోగమిచ్చే విషయములో యజమానుల వైఖరిని గూర్చి మాట్లాడుమని మమ్మును కోరినారు. యజమానులనగానే ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలు నడిపేవారు మనకు జ్ఞాపకమునకు వస్తారు. కాని ఈ వరుసలలోనే చూడండి. దుకాణములవారున్నారు, ప్రెస్సు నడిపేవారున్నారు, పాఠశాలల కరస్పాండెంట్లున్నారు, ఆసుపత్రుల కమిటీలలో ఉన్నవారున్నారు. ఒక గుమస్తానైనా, ఒక వాచ్‌మన్‌నైనా పెట్టుకొనే ప్రతివారు యజమానులే. కనుక ఈ మాటలు మన ఇంటి మాటలే.

మొదట మా తప్పును ఒప్పుకొంటాము. చాలా ఏండ్ల క్రిందట ఒక సంస్థలో లెక్కలు వ్రాసే గుమస్తా ఉద్యోగము ఖాళీ అయినది. ఎంపిక కమిటీలో మేమును ఉన్నాము. వచ్చినవారిలో బి.కాం. మంచి మార్కులతో ప్యాసైన యువకుడొకడున్నాడు. చిన్నతనములో పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడినవి. క్యాలిపర్లు తొడుక్కొని, చంక కర్రల సాయముతో మేడ మెట్లెక్కి ఇంటర్వ్యూకు వచ్చినాడు. అతడు చెమట తుడుచుకొనుచుండగానే మా మనస్సులు కరిగిపోయినవి. “పాపము, రోజూ ఈ మెట్లు ఎట్లా ఎక్కుతాడు?” అన్నారొకరు. “బ్యాంకుకు పంపవలసి వస్తే?” అన్నారు మరొకరు. లెడ్జరును గూర్చి గాని, జమాఖర్చులను గూర్చి గాని అతనిని ఒక్క ప్రశ్నయైనా అడుగలేదు. నాలుగు మంచి మాటలు చెప్పి, దారి ఖర్చులకని కొంత సొమ్ము చేతిలో పెట్టినాము. అతడు ఆ సొమ్మును బల్ల మీదనే ఉంచి, “ఉద్యోగము కోసము వచ్చినానండీ” అని చెప్పి దిగిపోయినాడు.

ఆ మాట మమ్మును నేటికిని విడువలేదు. మెట్లెక్కి వచ్చినవానిని మెట్లెక్కలేడని పంపివేసినాము. లెక్కల బల్లను క్రింది గదిలోనికి దించుటకు ఇద్దరు మనుష్యులు, అరగంట కాలము చాలును. ఆ సంగతి మాలో ఒక్కరికిని తోచలేదు. మాకు అతనిపై ద్వేషము లేదు. ఉన్నదంతా జాలియే. ఆ జాలియే అతని కూడు తీసినది.

యజమానులు సాధారణముగా చెప్పే అభ్యంతరములు నాలుగు. పని నెమ్మదిగా సాగుతుందంటారు, ప్రమాదములు జరుగుతాయంటారు, సెలవులు ఎక్కువగా పెడతారంటారు, ఖర్చు పెరుగుతుందంటారు. అమెరికాలోని డ్యూపాంట్ రసాయనముల కంపెనీ 1958 మొదలుకొని పలుమార్లు తన వికలాంగ ఉద్యోగుల పనిని లెక్కగట్టి చూచుకొన్నది. 1981లో 2,745 మందిని గూర్చి విచారించగా, పనిలోను, ప్రమాదము లేకుండ మెలగుటలోను నూటికి తొంభైమందికి మించి సగటు స్థాయిలోనో అంతకు పైననో ఉన్నారని పై అధికారులే చెప్పినారు. హాజరు విషయములోను అత్యధికులకు మంచి పేరే వచ్చినది. ఇక ఖర్చు సంగతి. వాకిట రెండు మెట్లకు బదులు ఏటవాలు బాట, చెవిటివారికి నోటిమాటకు బదులు కాగితము మీద వ్రాసి చెప్పుట, ఇవి ఏపాటి ఖర్చు? కంప్యూటరు తెర మీది అక్షరములను అంధులకు చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అను సాఫ్ట్‌వేరు ఉచితముగానే దొరకుచున్నది.

మన ప్రాంతములనుండి ఎందరో వైద్యమునకు వేలూరు వెళ్ళి వచ్చినవారే. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ అను యువతి పనిచేయుచుండగా, 1954లో రోడ్డు ప్రమాదములో వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడినది. అటువంటి స్థితిలో ఇంటికి పంపి, అప్పుడప్పుడు పరామర్శించి వచ్చుట లోకాచారము. అయితే డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెలో మిగిలియున్నదేమో చూచినారు. చేతులున్నవి, చదువున్నది, నేర్పున్నది. కుష్ఠురోగుల చేతులకు చేసే శస్త్రచికిత్స కూర్చుండియే చేయవచ్చును. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి ఆ ఆపరేషన్లు చేసినది. తరువాత న్యూయార్కులో పునరావాస వైద్యము నేర్చి వచ్చి, వేలూరులో ఆ శాఖకు పెద్దయైనది. 1966లో అక్కడ పునరావాస కేంద్రము వెలసినది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చినది. ఆమె వలన నిలువగలిగిన రోగులెందరో! ఆనాడు జాలిపడి పంపివేసియుంటే వారి గతి ఏమి?

ప్రభుత్వోద్యోగి సర్వీసులో ఉండగా వికలాంగుడైతే తొలగించరాదని 1995 నాటి చట్టము చెప్పినది. వేలూరులో ఆ పని నలభై ఏండ్ల ముందే జరిగినది. 2016 నాటి చట్టము ప్రభుత్వ ఉద్యోగములలో నూటికి 4 వంతులు ప్రత్యేకించినది. ప్రైవేటు సంస్థలు తమ సిబ్బందిలో కనీసము 5 శాతము వికలాంగులను పెట్టుకొనునట్లు ప్రోత్సాహకములు ఇయ్యవలెనన్నది. అయితే 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములోని 2 కోట్ల 68 లక్షల వికలాంగులలో పని చేయుచున్నవారు నూటికి 36 మందియే. వికలాంగులను విభిన్న ప్రతిభావంతులనియు, దివ్యాంగులనియు పేర్లు మార్చి పిలుచుచున్నాము. ఉద్యోగపు గడప మాత్రము ఎత్తుగానే ఉన్నది. మచిలీపట్నము ప్రాంతములో పుట్టు అంధుడుగా జన్మించిన బొల్లా శ్రీకాంత్ 2012లో హైదరాబాదులో పరిశ్రమ స్థాపించి తానే వికలాంగులకు పని ఇచ్చినారు. అందరును అట్లు సొంత పరిశ్రమ పెట్టుకోగలరా? మిగిలినవారు మన వాకిటికే రావలెను గదా.

ప్రతి పని ప్రతివారికి తగునని మేము చెప్పము. చూపులేనివారికి లారీ ఇయ్యలేము. కనుక మూడు సంగతులు మనవి చేస్తాము. ఒకటి, ఉద్యోగము ఖాళీ అయినప్పుడు ఆ పనిలో ఏమేమి చేయవలెనో ముందుగా కాగితము మీద వ్రాసికొందము, తరువాతనే మనిషిని చూతము. రెండు, “ఈ పని చేయుటకు మీకేమి ఏర్పాటు కావలెను?” అని వచ్చినవారినే అడుగుదము. వారి శరీరము సంగతి మనకంటె వారికే బాగుగా తెలియును. మూడు, పనిలో పెట్టుకొన్న తరువాత అందరితో సమానముగా జీతమిత్తము, తప్పు చేస్తే అందరివలెనే మందలింతము.

పండుగలకు దుప్పట్లు, బియ్యము పంచుట మనకు అలవాటే. అది మానవద్దు. కాని దుప్పటి అందుకొనే ఆ వరుసలో లెక్కలు వ్రాయగలవారు, బట్టలు కుట్టగలవారు, పిల్లలకు పాఠము చెప్పగలవారు ఎందరున్నారో ఈసారి అడిగి తెలిసికొందము. మీ సంస్థలో ఈ సంవత్సరము ఖాళీ అయ్యే మొదటి ఉద్యోగమును జ్ఞాపకము ఉంచుకొనండి. మేము ఒకసారి పోగొట్టుకొన్న అవకాశము మీరు పోగొట్టుకొనవద్దని కోరుచు, సెలవు తీసికొంటాము.