బరువుబండికి ట్రాక్టరు నెన్నుకొనుట



పూర్వము మన పల్లెలలో ఎడ్లజత కొనవలసివచ్చినపుడు ఎంత విచారణ జరిగెడిదో మీకు నేను చెప్పనక్కరలేదు. పండ్లు చూచెడివారు, సుడులు చూచెడివారు, గిట్టలు తట్టి చూచెడివారు. తుదకు బండి కట్టి, బరువు వేసి, గట్టెక్కించి, మరల దించి చూచినగాని బయానా యిచ్చెడివారు కారు. నేడు అంతకు అనేకరెట్లు వెలగల ట్రాక్టరును కొనునపుడు మాత్రము ప్రాయికముగా ఒక్కటే ప్రశ్న వినవచ్చుచున్నది: దీని అశ్వబలమెంత? అంకె పెద్దదైన మేలనియు, చిన్నదైన కీడనియు తలచుచున్నారు. దున్నకమునకు ఆ ప్రశ్న కొంతవరకు సరిపోవును. వెనుక బరువుబండి తగిలించి బాటమీద నడపదలచిన వారికి అది చాలదు. అట్టివారు మొదట అడుగవలసినది, ఈ యంత్రము ఎంత బరువును నిలుపగలదు అని. ఎంత లాగగలదన్నది దాని తరువాతి మాట.

ఈ వెనుకబండిని కొన్ని తావుల ట్రక్కందురు, కొన్ని తావుల ట్రాలీ యందురు, తొట్టి యనువారును కలరు. నేను ట్రక్కనియే చెప్పెదను.

అశ్వబలమన నేమో ముందు తెలిసికొందము. 75 కిలోల బరువును ఒక సెకను కాలములో ఒక మీటరు ఎత్తునకు లేపగల సత్తువకు ఒక అశ్వబలమని పేరు. ఆవిరియంత్రములను బాగుచేసిన జేమ్సు వాటు, తన యంత్రము ఎన్ని గుర్రముల పని చేయునో కొనువారికి తెలుపుటకై ఇట్టి కొలతను వాడుకలోనికి తెచ్చెను. ఇది పని యొక్క వేగమును చెప్పు కొలత యని గుర్తుంచుకొనవలయును.

ఇప్పుడొక లెక్క వేయుదము. 75 కిలోల ధాన్యపు బస్తాలు 60 ట్రక్కున కెత్తితిమనుకొనుడు. అది నాలుగున్నర టన్నులు. ట్రక్కు సొంత బరువు ఒకటిన్నర టన్ను, ట్రాక్టరు 2 టన్నులు. వెరసి 8 టన్నులు. చదునైన తారుబాటమీద దీనిని దొర్లించుటకు సుమారు 160 కిలోల లాగుడు చాలును. 20 మీటర్లు నడచునప్పటికి ఒక మీటరు ఎక్కు ఎగువబాట యైనచో దానికి మరి 400 కిలోలు చేరి 560 అగును. యంత్రమున పుట్టిన బలములో పదింట మూడువంతులు గేర్లయందును టైర్లయందును పోవునని తలంతము. 40 అశ్వబలముల ట్రాక్టరు ఆ ఎగువను గంటకు 13 కిలోమీటర్ల వేగమున ఎక్కును. 30 అశ్వబలములది 10 కిలోమీటర్ల వేగమున ఎక్కును. ఎక్కుట రెండును ఎక్కును. అధికమైన పది అశ్వబలములు మనకిచ్చినది గంటకు మూడు కిలోమీటర్లు మాత్రమే. దీనికొరకు పొలము కుదువబెట్టువారు ఒకమారు ఆలోచింపవలయును.

మరియు యంత్రమునకు ఎంత సత్తువ యున్నను, అది నేలను పట్టుకొనగలిగినంతవరకే పనికి వచ్చును. 2 టన్నుల ట్రాక్టరులో వెనుకచక్రములపై పడు బరువు ఇంచుమించు 1,300 కిలోలు. పొడితారుబాటపై అందులో పదింట ఆరువంతులు, అనగా 780 కిలోల పట్టు చిక్కును. వానకు నానిన నల్లరేగడిపై పదింట మూడువంతులు చిక్కుటయే గొప్ప. అది 390 కిలోలు. అదే బురదలో ట్రక్కును దొర్లించుటకు కావలసిన లాగుడు తారుబాటమీదికంటె నాలుగైదు రెట్లు పెరుగును. అప్పుడు చక్రములు ఉన్నచోటనే తిరుగుచు గోయి త్రవ్వుకొనును. అట్టితరి 60 అశ్వబలములున్నను గోయి త్వరగా త్రవ్వబడుట తప్ప వేరు లాభము లేదు. కావున బరువు లాగుటకు తానును బరువుగల యంత్రము కావలయును. వెనుకటైర్లలో నీరు నింపుటయు, ఇనుపదిమ్మలు బిగించుటయు ఇందులకే. అయితే నీరు నింపినంత మాత్రమున బ్రేకులు పెద్దవి కావు.

లాగుడు సంగతి ఇంతటితో చాలును. దిగుడు సంగతియే ప్రాణములతో కూడినది.

ఎగువ నెక్కునపుడు వెనుకకు గుంజిన ఆ 400 కిలోలే దిగువయందు ముందునకు నెట్టును. ఎడ్లబండి పల్లమునకు దిగునపుడు మంచి ఎడ్లు మెడలెత్తి కాడిని వెనుకకు ఆపిపట్టును. అట్లు పట్టలేని జతకు బరువుబండి కట్టుట మన పెద్దలు ఎరుగరు. ట్రాక్టరునకు ఆ ఆపిపట్టెడి శక్తి రెండు ఆధారములవలన వచ్చును: బ్రేకు, నేలపట్టు. మన పల్లెలలోని ట్రక్కులలో పెక్కింటికి తమదైన బ్రేకు లేదు. 8 టన్నులను 2 టన్నుల యంత్రమే ఆపవలయును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున వట్టి ట్రాక్టరు పోవుచున్నచో, బ్రేకు పట్టిన తరువాత పొడిబాటపై సుమారు 9 మీటర్లలో నిలుచును. పై చెప్పిన 60 బస్తాల ట్రక్కు వెనుకనున్నచో చదునుననే 30 మీటర్లు కావలయును. ఇరువదింట ఒకటి వాలుగల దిగువలో 50 మీటర్లు దాటును. కన్ను చూచి కాలు కదలునప్పటికి పట్టు ఒక సెకనులో గడచిపోవు 8 మీటర్లు దీనికి అదనము. బాటకడ్డముగా పరుగెత్తిన పిల్లవాడు 50 మీటర్ల దూరముననే యుండుననుట మన చేతిలో లేదు. వేగము సగము చేసినచో మాత్రము ఆగుటకు కావలసిన దూరము నాలుగవవంతునకు తగ్గును. ఇది ప్రకృతిసిద్ధమైన లెక్క. డ్రైవరు నేర్పువలన మారునది కాదు.

అమెరికా దేశపు ట్రాక్టరు తయారీదారులు తమ పుస్తకములలో ఒక హద్దు చెప్పుచుందురు. బ్రేకులేని వెనుకబండి యొక్క మొత్తము బరువు ట్రాక్టరు బరువునకు ఒకటిన్నర రెట్లు మించరాదు, వేగము గంటకు 32 కిలోమీటర్లు దాటరాదు అని. మన 2 టన్నుల ట్రాక్టరునకు దీనిప్రకారము 3 టన్నుల ట్రక్కు తగును. అందులో ఒకటిన్నర టన్ను ట్రక్కు సొంతబరువే. మిగిలినదానికి 20 బస్తాలు పట్టును. మనము ఎత్తునది 60. ఈ హద్దు విని మీలో కొందరు నవ్వవచ్చును. 20 బస్తాలకు ట్రాక్టరు కట్టినచో కిరాయి గిట్టునా యని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము, ట్రక్కు చక్రములకు దానిదైన బ్రేకు పెట్టించుటయే. ట్రాక్టరు బ్రేకు నొక్కినపుడు ట్రక్కు బ్రేకు కూడ పట్టునట్టి అమరిక గలవి దొరకును. అట్టి బ్రేకులు సరిగా పనిచేయుచున్నచో 60 బస్తాలతోనే చదునైన బాటమీద 15 మీటర్ల లోపల నిలుపవచ్చును. పది అశ్వబలములు అదనముగా కొనుటకు వెచ్చించు ధనమును దీనికి వెచ్చించుట మేలని నా యభిప్రాయము.

ట్రాక్టరు బ్రేకులలోను భేదము కలదు. నూనెలో మునిగియుండు బ్రేకులు గలదానిని కోరుడు. దమ్ముచేయు మాగాణి రైతులకు ఇది మరింత ముఖ్యము. పొడిబ్రేకులలోనికి నీరు, బురద చేరినచో పట్టు తగ్గును. మరియొకటి. ట్రాక్టరునకు కుడిచక్రమునకు, ఎడమచక్రమునకు వేర్వేరు బ్రేకుతొక్కుళ్లుండును. పొలములో మలుపు తిరుగుటకు అవి వేరుగా నుండుట అవసరము. బాటకెక్కినతోడనే రెంటిని కలిపి కొక్కెము వేయవలయును. వేయనిచో ఒకచక్రమే పట్టి, వెనుకనుండి ట్రక్కు నెట్టుచుండగా ట్రాక్టరు అడ్డము తిరిగి బోల్తాపడును. ఆ కొక్కెము విరిగియో త్రుప్పుపట్టియో యున్న పాతట్రాక్టరును ఎంత చౌకగా వచ్చినను, దానిని బాగుచేయింపక బాటకెక్కింపకుడు.

డీజిలు మిగులునని దిగువలో గేరు తప్పించి వదలువారు కలరు. గరిటెడు డీజిలుకొరకు ఇంటిదీపమును పణమొడ్డుటను లోభమందునో, అవివేకమందునో నాకు తెలియకున్నది. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలయును. దిగుట కారంభింపకమునుపే గేరు మార్చుకొనవలయును.

తగిలించుచోటు విషయమై రెండుమాటలు. ట్రక్కు నొగను ట్రాక్టరు వెనుకఇరుసునకు క్రిందుగానున్న కొక్కెమునకే తగిలింపవలయును. ఇరుసుకంటె ఎత్తున తగిలించి గట్టిగా లాగినచో ముందుచక్రములు పైకి లేచును. కొంచెము లేచిన చుక్కాని పనిచేయదు. ఎక్కువగా లేచినచో యంత్రము వెనుకకు తిరుగబడి నడుపువానిపై పడును. దీనికి పట్టుకాలము రెప్పపాటు. ముందుభాగమున ఇనుపదిమ్మలు కట్టుట దీనికి కొంత అడ్డు.

రెండుచక్రముల ట్రక్కున బరువు సర్దుటలో మీ బండ్లనాటి తెలివియే పనికివచ్చును. బండి వెనుకకు మొగ్గినచో ఎడ్లమెడలు పైకిలేచి పలుపులు బిగిసెడివి. అందుచే కొంచెము ముందుమొగ్గుగా ఎత్తెడివారు. ఇక్కడను అట్లే. వెనుక బరువెక్కువైనచో నొగ పైకి లేచి ట్రాక్టరు వెనుకచక్రముల నేలపట్టును హరించును. లాగుడును పోవును, బ్రేకును పోవును. మితమైన ముందుమొగ్గు పట్టును పెంచును. మితి తప్పినచో మరల ముందుచక్రములు తేలిపోవును.

ఇక మనుష్యుల మాట. ట్రక్కు ధాన్యమునకు ఏర్పడినది. దానిలో పెండ్లివారిని, కూలివారిని, తీర్థమునకు పోవువారిని ఎక్కించుట మన దేశమున వాడుకయైపోయినది. 2018వ సంవత్సరము జూను 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండకడ కూలికి పోవుచున్న స్త్రీలతో ట్రాక్టరు మూసీకాలువలో బోల్తాపడి 15 మంది మరణించిరి. 2022 అక్టోబరు 1వ తేదీన ఉత్తరప్రదేశములోని కాన్పూరు ప్రాంతమున, దైవదర్శనము చేసికొని వచ్చుచున్నవారి ట్రాక్టరు ట్రక్కుతోసహా చెరువులో పడి 26 మంది గతించిరి. వారిలో పెక్కురు స్త్రీలును పిల్లలును. ధాన్యపుబస్తా పెట్టినచోట కదలక యుండును. మనుష్యులు లేతురు, ఒకవైపునకు ఒరుగుదురు, అంచున కూర్చుందురు. అంతమంది బరువు ఒకమారు ప్రక్కకు జరిగినచో ఎత్తైన ట్రక్కు ఒరుగుటకు కాలువగట్టుమీది చిన్నగుంట చాలును. కప్పులేదు, పట్టుకొనుటకు ఆధారము లేదు, బోర్లపడినచో ట్రక్కే మూతయగును. చట్టము దీనిని నిషేధించినది. కాని మన గట్లమీద చట్టము చూచుటకు ఎవరును నిలువబడియుండరు. ట్రాక్టరు మీది, కొమారుడు మీవాడు, ఎక్కువారు మీ యూరివారు. వలదనుటకు అచటనున్నవారు మీరే. నాట్లకాలమున కూలివారిని తోడుకొని వచ్చుటకు ఆటోకిరాయి రైతే పెట్టుకొనవలయునని ఊరిలో ఒకమారు కూర్చుండి నిర్ణయించుట అసాధ్యమైన పని కాదు.

రాత్రి ప్రయాణమునుగూర్చి ఒక్కమాట. ట్రాక్టరునకు పాటలపెట్టెలు రెండును, ట్రక్కు వెనుక దీపము సున్నయునుగా తిరుగుట నేను చూచుచున్నాను. చీకటిలో బాటప్రక్క నిలిపిన దీపములేని ట్రక్కును మోటారుసైకిలువాడు చివరిక్షణమునగాని చూడలేడు. వెనుక రెండు ఎఱ్ఱదీపములును, వెలుగు పడినచో మెఱయు ఎఱ్ఱపట్టీయు పెట్టించుడు. వీనికయ్యెడి వ్యయము స్వల్పము.

కొనుటకు పోవునాడు ఇంటిలో ట్రక్కు నడుపబోవు పిల్లవానిని వెంటబెట్టుకొని పొండు. అంగడివాకిట వట్టియంత్రమును చుట్టు త్రిప్పి చూపినదానితో తృప్తిపడకుడు. బస్తాలెత్తిన ట్రక్కు తగిలించి, మీరు నిత్యము దిగు వంతెనకో ఏటిగట్టునకో తీసికొనిపోయి, మనుష్యసంచారము లేనివేళ నెమ్మదిగా దింపుచు నడుమ నిలుపుమనుడు. నిలిచినదా, జారినదా, ప్రక్కకు తిరిగినదా మీరే చూతురు. అమ్మువాడు దానికి సమ్మతింపనిచో ఆనాడు బయానా ఇయ్యకుడు.